రంగు తప్పని వైరు

పాత పికప్ ట్రక్కు బేరానికి వెళ్లినవాళ్లు ముందు తుప్పు చూస్తారు. తలుపుల కింది అంచులు తడుముతారు, క్యాబ్ మూలల్లో అయస్కాంతం ఆనించి పుట్టీ ఎక్కడ పూశారో పట్టుకుంటారు, వెనక తొట్టిలో చెక్క పలకలు తొక్కి చూస్తారు. బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వింటారు. వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందికి తల దూర్చి పైకి చూసేవాళ్లు తక్కువ. నన్నడిగితే ముందు చూడాల్సింది అక్కడే. రేకు చిల్లు పడితే కొత్త రేకు అతికించవచ్చు, ఇంజిన్ అరిగితే బోరు కొట్టించవచ్చు. ఆ రెంటికీ ఖర్చెంతో ముందే ఒక అంచనా ఉంటుంది. వైరింగ్ అలా తేలదు. యాభై ఏళ్లలో ఆ బండి ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో, వాళ్లకు ఓపికెంతో తొందరెంతో, అంతా అక్కడ వేలాడుతూ ఉంటుంది.

నా దగ్గరున్నది 1972 షెవర్లే సీ-10. 1967లో మొదలైన ఆ తరం ట్రక్కులకు అదే చివరి ఏడు. డాలస్‌కు తూర్పున ఒక రాంచ్‌లో గడ్డిమోపులు, ముళ్లకంచె చుట్టలు మోసిన బండి. ఇవాళ్టి పికప్‌లతో పోలిస్తే అందులో కరెంటు పని చాలా కొంచెం. రెండు గుండ్రటి హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్, హీటరు ఫ్యాను, రేడియో, ముల్లు మీటర్లు, అంతే. డిమ్ము, బ్రైటు మార్చడానికి ఎడమకాలి దగ్గర నేలమీద ఒక బొత్తం ఉంటుంది, పాదంతో నొక్కాలి. పెట్రోలు ట్యాంకు మాత్రం సీటు వెనక, క్యాబ్ లోపలే ఉంటుంది. నడిపేవాడి వీపుకీ సుమారు 20 గ్యాలన్ల పెట్రోలుకీ మధ్య అడ్డం సీటు ఒక్కటే. ఆ క్యాబ్‌లో ఒక వైరు వేడెక్కి ఇన్సులేషన్ కరగడం మొదలైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫ్యూజు బాక్సు బ్రేకు పెడల్‌కు పైన, ఇంజిన్‌కీ క్యాబ్‌కీ మధ్య ఉన్న గోడకు బిగించి ఉంటుంది. గోడ అవతలి వైపు నుంచి ఇంజిన్ వైర్ల కప్లర్ వచ్చి, మధ్యలో ఒకే బోల్టుతో దానికి బిగుసుకుంటుంది. చక్కటి ఏర్పాటు. లోపల ఉన్నవి గాజు ఫ్యూజులు. వాటిలో ఒకదానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. ఫ్యూజు కాలిందంటే అది తన పని చేసిందన్నమాట, ముందున్న వైరులో ఏదో షార్టు అవుతోందని చెప్పిందన్నమాట. కాగితం చుట్టాక ఇక కాలాల్సింది వైరే. పార్కింగ్ లైట్లకు వెళ్లే గోధుమరంగు వైరుకు మూడుచోట్ల నీలం క్లిప్పులు కొరికించి కరెంటు లాగారు. ఒకటి ట్రెయిలర్ లైట్లకి, ఒకటి ఎప్పుడో తీసేసిన సీబీ రేడియోకి, మూడోది ఎటు పోయిందో తెలియదు, కొన గాలిలో ఉంది. ఆ క్లిప్పు లోపలి బ్లేడు ఇన్సులేషన్ కోసి రాగిని తాకుతుంది. కోసినచోట తడి చేరుతుంది. ఒలిచి చూస్తే రాగి పచ్చగా మారి పొడిపొడిగా రాలింది.

ఆ పని చేసినవాళ్లను నేను తప్పు పట్టను. చీకటి పడుతుంటే ట్రెయిలర్‌లో దూడలుంటే, వెనక లైటు వెలిగితే చాలనే అనిపిస్తుంది ఎవరికైనా. కాకపోతే అలాంటి సాయంత్రాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాక ఇక అతుకులతో నడవదు. పాత వైరింగ్ సెట్టు మొత్తం తీసేయాల్సిందే. కోయకుండా, ఏ కొన ఎక్కడిదో చీటీ కట్టి, పొడవు చెడకుండా తీయాలి. కొత్త సెట్టు పరచడానికి పాతదే కొలత.

కొత్త సెట్లకు అమెరికాలో కొదవ లేదు. ఫోర్ట్ వర్త్‌లో పెయిన్‌లెస్ పర్ఫార్మెన్స్, న్యూజెర్సీలో అమెరికన్ ఆటోవైర్ లాంటి కంపెనీలు ఇదే వ్యాపారంగా ఉన్నాయి. అచ్చంగా పాతదాని నకలు దొరుకుతుంది, ఫ్యూజులు పెంచి ఏసీకీ స్టీరియోకీ చోటిచ్చినవీ దొరుకుతాయి. ఇంట్లో ఉన్న వైరు చుట్టలతోనే సొంతంగా అల్లుకునేవాళ్లూ ఉన్నారు. ఏది తీసుకున్నా నేను పట్టుబట్టేది ఒక్కటే: రంగులు బండి కంపెనీవే ఉండాలి. ఆ కాలపు జనరల్ మోటార్స్ బళ్లలో ఎరుపు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. నారింజ ఫ్యూజు దాటి వచ్చినా తాళంతో పనిలేకుండా ఎప్పుడూ కరెంటు ఉండేది. గులాబీ తాళం తిప్పితేనే. ఊదా సెల్ఫ్ మోటారుకి. లేత ఆకుపచ్చ బ్రైటుకి, ఇసుకరంగు డిమ్ముకి. వెనక ఎడమ ఇండికేటర్ పసుపు, కుడిది ముదురు ఆకుపచ్చ. నలుపు ఎర్తు. అన్నీ ఎర్ర వైర్లతో అల్లినా బండి ఇవాళ నడుస్తుంది, లైట్లూ వెలుగుతాయి. పదేళ్ల తర్వాత ఒక రాత్రి అర్కాన్సాలో ఏదో రోడ్డు పక్కన ఆగిపోతే, టార్చిలైటు పట్టుకుని డాష్ కింద దూరిన మనిషి ఆ ఎర్రటి గుత్తిని చూసి చేయగలిగింది ఏమీ లేదు. అదే రంగులు సరిగా ఉంటే, నా బండిని అంతకుముందు ఎన్నడూ చూడని మెకానిక్ కూడా ఊదా వైరు పట్టుకుని నేరుగా సెల్ఫ్ దగ్గరికి పోగలడు.

ఈ రంగుల క్రమశిక్షణ వెనక చాలామంది పని ఉంది. ఒహాయోలోని వారెన్ ఊళ్లో ప్యాకార్డ్ సోదరులు 1890లో పెట్టిన ప్యాకార్డ్ ఎలక్ట్రిక్ కంపెనీ మొదట్లో బల్బులు చేసేది. అదే సోదరులు 1899లో ప్యాకార్డ్ కారు తయారుచేశారు. ఎలక్ట్రిక్ కంపెనీని 1932లో జనరల్ మోటార్స్ కొనుక్కుంది, ఆ తర్వాత దశాబ్దాలపాటు వాళ్ల బళ్లకు వైరింగ్ చాలావరకు అక్కడి నుంచే. కారు పేరు మ్యూజియాలకు పరిమితమైంది కానీ, వైరు కొనకు బిగించే ప్యాకార్డ్ 56 అనే ఇత్తడి టెర్మినల్‌ను ఇప్పటికీ అదే పేరుతో కొంటున్నాం. దానికి రెండు జతల రెక్కలుంటాయి. ఒక జత రాగిని పట్టుకుంటుంది, వెనకున్న జత ఇన్సులేషన్‌ను పట్టుకుంటుంది. బండి అదురు రాగి మీద పడకుండా ఆపేది ఆ రెండో జతే. సరైన ప్లయర్‌తో నొక్కితే దానికి టంకం అక్కర్లేదు. టంకం పోస్తే అది పోగుల మధ్యకు పాకి వైరును బిరుసు చేస్తుంది, బిరుసు ఆగిన చోటే అదురుకు పుటుక్కున తెగుతుంది.

కరెంటు లైటు దాకా వెళ్లడం సగం పనే, బ్యాటరీకి తిరిగి రావాలి కూడా. పాత ట్రక్కుల్లో సగానికి సగం తంటాలు ఈ రెండో సగానివే. అమెరికా బళ్లలో చాలావాటికి వెనక బ్రేకు లైటు, ఇండికేటర్ రెంటికీ ఒకటే ఫిలమెంటు. అందుకే బ్రేకు కరెంటు నేరుగా వెనక్కి పోదు. నారింజ వైరులో పెడల్ స్విచ్చుకు వచ్చి, అక్కణ్నుంచి తెల్ల వైరులో స్టీరింగ్ కాలమ్ పైకి ఎక్కి, ఇండికేటర్ స్విచ్చు గుండా దిగి, పసుపు, ముదురు ఆకుపచ్చ వైర్లలో వెనక్కి పోతుంది. వెనక బల్బులో రెండు ఫిలమెంట్లు, ఒకటి బ్రేకుకి, ఒకటి పార్కింగ్‌కి. రెంటికీ ఎర్తు ఒక్కటే, బల్బు ఒంటి ఇత్తడి.

కొత్త సెట్టు వేశాక వెనక లైట్లు చూస్తున్న రోజు మా అమ్మాయి సీట్లో కూర్చుని బ్రేకు నొక్కింది. ఎడమ లైటు ధగధగా వెలిగింది. కుడిది మిణుకుమిణుకుమంది.

“నాన్నా, ముందు పార్కింగ్ లైట్లు కూడా కొంచెం కొంచెం వెలుగుతున్నాయి. నేను లైట్ల స్విచ్చు ముట్టుకోనేలేదు!”

“కాలు తీసి మళ్లీ నొక్కు.”

“ఆ, మళ్లీ వెలిగాయి. నొక్కినప్పుడే.”

కుడి లైటుకు ఎర్తు లేదు. బ్రేకు ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటుకు బయటికి దారి లేక, పక్కనున్న పార్కింగ్ ఫిలమెంటులోకి వెనక్కి ఎక్కి, గోధుమ వైరు పట్టుకుని బండి ముందుకు పోయి, అక్కడి బల్బుల గుండా ఎర్తు వెతుక్కుంది. దారిలో ఇన్ని ఫిలమెంట్లు దాటింది కాబట్టే అన్నీ మసకగా వెలిగాయి. ఒక జంపర్ వైరు కుడి లైటు డొప్పకీ ఛాసిస్‌కీ తాకించగానే కుడి లైటు వెలిగింది, ముందువి ఆరిపోయాయి. అమ్మాయి దిగి వచ్చి ఆ వైరు తను పట్టుకుని, తీసి, పెట్టి, నన్ను బ్రేకు నొక్కమంది. ఆ సాయంత్రం దానికి సర్క్యూటంటే ఏమిటో తెలిసిందని నా నమ్మకం.

అందంగా బాగుచేసిన బళ్లకే ఈ బాధ ఎక్కువ. ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్, తొట్టికి కొత్త పెయింటు, బోల్టుల కింద కూడా పెయింటు. తుప్పు పట్టిన పాత బండిలో లోహం లోహాన్ని తాకేది, ఇప్పుడు మధ్యలో అందమైన ఇన్సులేషన్. అందుకని నేను బాడీ మీద ఆధారపడను. ప్రతి వెనక లైటుకూ విడిగా నల్ల వైరు లాగి, ఛాసిస్ మీద ఒకచోట పెయింటును లోహం మెరుపు తేలేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాస్తాను. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, క్యాబ్ కూడా అంతే, కాబట్టి రెంటికీ మధ్య అల్లిన రాగి పట్టీ తప్పనిసరి. పెట్రోలు ముల్లుదీ ఇదే కథ. ఈ ట్యాంకు సెండర్ ఖాళీ అయితే దగ్గర దగ్గర సున్నా ఓమ్స్, నిండితే 90 చూపిస్తుంది. ఎర్తు ఊడిందంటే ముల్లు నిండును దాటి అవతలికి పోయి ఆగుతుంది. ట్యాంకు అడుగంటినా సరే, నిండుగానే ఉందంటుంది.

వెతకడానికి మీటర్ మంచిదే, కానీ నేను ముందు పట్టుకునేది టెస్టు బల్బు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు వైరింగ్ చేసేవాళ్ల చేతిలో ఎప్పుడూ ఉండేది అదే, హోల్డరు, బల్బు, రెండు వైరు ముక్కలు. పదహారు పోగుల వైరులో పదిహేను తెగి ఒకటి మిగిలినా డిజిటల్ మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది దాదాపు ఏమీ లాగదు. బల్బు లాగుతుంది, ఆ ఒక్క పోగు చాలదు, మసకబారుతుంది. అప్పుడు మీటర్ తీసి, లైటు వెలుగుతుండగా బ్యాటరీ మైనస్‌కీ లైటు డొప్పకీ మధ్య వోల్టేజీ చూడాలి. 0.1, 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్తు బాగున్నట్టు.

హెడ్‌లైట్ల మొత్తం కరెంటు పాత పద్ధతిలో డాష్‌లోని స్విచ్చు గుండా, అక్కణ్నుంచి నేలమీది బొత్తం గుండా తిరిగి ముందుకు పోతుంది. 55 వాట్ల హాలోజెన్ బల్బులు రెండు పెడితే 9 ఆంపియర్ల పైమాటే. స్విచ్చులో వేడికి తెరుచుకునే బ్రేకర్ ఉంది కాబట్టి భారం ఎక్కువైతే లైట్లు ఒకేసారి ఆరిపోకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. రాత్రి రోడ్డు మీద ప్రాణం నిలిపే ఆలోచన అది, చేసినవాళ్లకు దండం పెట్టాలి. అయినా అంతదూరం తిరిగి వచ్చేసరికి వోల్టేజీ సన్నగిల్లుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పోతుంది. రేడియేటర్ పక్కన రెండు రిలేలు పెట్టి, బ్యాటరీ నుంచి లావు వైరు ఫ్యూజుతో సహా తెచ్చి, పాత లేత ఆకుపచ్చ, ఇసుకరంగు వైర్లతో రిలేలను ఆడిస్తే చాలు. కాలి బొత్తం కాలి బొత్తంగానే ఉంటుంది.

ఇంకొక వైరు గురించి చెప్పాలి. ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే, గుడ్డ అల్లికతో ఉన్న వైరు. చూస్తే మామూలు వైరే అనిపిస్తుంది, నిజానికి అది రెసిస్టెన్స్ వైరు, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మాడకుండా వోల్టేజీ తగ్గించడానికి పెట్టింది. చాలామంది 1970ల మధ్యలో వచ్చిన జీఎం ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ తెచ్చి ఇంజిన్‌కు బిగించి, దాన్ని ఈ వైరుకే కలుపుతారు. బండి స్టార్టవుతుంది, వేగం పెరిగేకొద్దీ తడబడుతుంది, కార్బొరేటర్ మీద అనుమానం పడి దాన్ని విప్పుతారు. డిస్ట్రిబ్యూటర్ మారిస్తే ఆ వైరూ మారాలి, పూర్తి 12 వోల్టులు అందాలి.

అంతా కలిపాక బ్యాటరీని నేరుగా తగిలించకూడదు. మైనస్ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య ఒక హెడ్‌లైట్ బల్బు కలిపి, బండిలో స్విచ్చులన్నీ ఆపి చూడాలి. బల్బు ఆరి ఉంటే మంచిది. భగ్గున వెలిగితే ఎక్కడో షార్టు ఉంది. బల్బు అడ్డం ఉన్నందువల్ల 60 వాట్ల ఫిలమెంటులో పోయేది 5 ఆంపియర్లే, వైరు కాలదు, తీరిగ్గా ఒక్కో ఫ్యూజూ తీసి వెతుక్కోవచ్చు.

కంపెనీ ఇవ్వకుండా నేను చేర్చినవన్నీ ఒక కాగితం మీద గీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి గ్లోవ్ బాక్సులో ఉంచాను. రిలేలు ఎక్కడున్నాయి, నల్ల వైర్లు ఛాసిస్‌కు ఏ బోల్టు దగ్గర కలుస్తాయి, కాయిల్ వైరు ఎందుకు గులాబీగా మారింది అన్నీ అందులో ఉన్నాయి. బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరు మొదట్లో ఫ్యూజులా పనిచేసే ఫ్యూజిబుల్ లింక్ గురించి మాత్రం పెద్ద అక్షరాలతో రాశాను: అది కాలితే మామూలు వైరుతో కలపొద్దు, మెయిన్ వైరు కంటే నాలుగు గేజ్‌లు సన్నం లింక్ తెచ్చి వేయాలి, అంతకుముందు ఎందుకు కాలిందో చూడాలి.