గాలం కట్టే ముందు రాయి తిప్పాలి!

వెదురు కట్టె, నైలాన్ దారం, నీటిపైన తేలే బెండు, కింద సీసం గుండు, చివర గాలం. సెలవు రోజున సంగారెడ్డి చుట్టుపక్కల చెరువు గట్ల మీద కనిపించే సరంజామా ఇంతే. ‘ఏమన్నా పడ్డయా అన్నా?’ అని ఎవరైనా పలకరిస్తే, ‘ఏడ పడ్డయే... పొద్దటి సంది రెండు జెల్లలే’ అన్న జవాబు వస్తుంది. రవ్వ, బొచ్చె కావాలంటే తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద పెట్టాలి. కొర్రమట్టకు ముద్ద పనికిరాదు... కప్పపిల్లో చిన్న చేపో ఉండాల్సిందే. ఏ చేప ఏం తింటుందో, ఎంత లోతున తింటుందో తెలిసినవాడి గాలానికే చేప చిక్కుతుంది. సీసం గుండు కట్టేది అందుకే. ఎరను చేప నోటి దాకా దించాలి కదా!

ఇదే తెలివిని అమెరికాలోని మోంటానా లాంటి కొండ ప్రాంతాల్లో ఓ కళగా మార్చేశారు. అక్కడి చేప ట్రౌట్. మంచులాంటి చల్లటి నీళ్లుంటేనే బతుకుతుంది. మన దేశంలోనూ కశ్మీర్, కులూ, నీలగిరి వాగుల్లో ఉంది. అన్నీ తెల్లదొరలు తెచ్చి వదిలిన వాటి సంతానమే. మంజీర నీళ్లలో దాన్ని వదిలితే ఒక్క ఎండాకాలం కూడా గడవదు.

ట్రౌట్ వేటలో పేరున్న పద్ధతికి అసలైన ఎరతో పనిలేదు. ఈకలు, బొచ్చు, దారం చుట్టి తయారుచేసిన ఉత్తుత్తి పురుగు చాలు. అందులో బాగా పేరున్నది ‘స్టోన్‌ఫ్లై’ పిల్ల. తెలుగులో దీనికి వాడుక పేరు లేదు, రాతి ఈగ అనుకోవచ్చు. పారే నీళ్లలో రాళ్ల కింద పాకుతూ పెరుగుతుంది. పెద్ద జాతులైతే మూడు నాలుగేళ్లు అలా నీళ్లలోనే ఉండిపోతాయి. ఆ తర్వాత ఒడ్డుకెక్కి, పొట్టు విడిచి, రెక్కలతో ఎగిరిపోతాయి. ఆ రెక్కల బతుకు మహా అయితే కొన్ని వారాలు. దీనికి ఈత అంతంతమాత్రం. కాలు జారితే అడుగునే దొర్లుకుంటూ పోతుంది. ట్రౌట్ కాచుక్కూచునేది సరిగ్గా అక్కడే. అంటే, ఉత్తుత్తి పురుగు కూడా అడుగునే దొర్లాలి.

అందుకే దాని ఒంట్లో బరువు దాస్తారు. పొడవు కాడ ఉన్న గాలాన్ని చిన్న పట్టుకారులో బిగించి, కాడకు సీసపు తీగ చుడతారు. తోకకు బాతు ఈక నుంచి చీల్చిన రెండు పుల్లలు. ఒంటికి గోధుమరంగు బొచ్చు, దానిమీద కట్లు కట్లుగా రాగితీగ. రెక్కల మొగ్గలకు టర్కీ కోడి ఈక. తలకు టంగ్‌స్టన్ పూస పెడితే ఇంకా త్వరగా మునుగుతుంది... సీసం కన్నా దాదాపు 1.7 రెట్లు బరువు మరి. మోంటానాలో చార్లెస్ బ్రూక్స్ అనే వేటగాడు కింద, పైన తేడా లేకుండా పురుగును గుండ్రంగా కట్టేవాడు. ప్రవాహంలో అది దొర్లినా చేపకు అనుమానం రాకూడదట! ఇక సీసం సంగతంటారా... తెగిపడిన గుండ్లను మింగి హంసలు చచ్చిపోతుంటే, ఇంగ్లండ్‌లో 1987లోనే గాలాలకు వాడే సీసం గుండ్లలో చాలా సైజులను నిషేధించారు.

ఈ కళలో మొదటి పాఠం దారం చుట్టడం కాదు. వాగులో దిగి రాయి తిప్పి, దాని కింద ఏముందో చూడటం. శాస్త్రవేత్తలదీ అదే పని. నీటి అడుగున దొరికే పురుగులను బట్టి వాగుకు మార్కులేసే పద్ధతి ఒకటి బ్రిటన్‌లో పుట్టింది. అందులో స్టోన్‌ఫ్లై కుటుంబాలు చాలావాటికి పదికి పది. బురదలో పెరిగే ఎర్రటి సన్న పురుగులకు రెండు. వానపాము జాతికి ఒకటే. ఆ ఎర్ర పురుగుల్లో మన నెత్తుటిలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. ప్రాణవాయువు బాగా తగ్గిపోయిన నీళ్లలోనూ అవి నెగ్గుకొస్తాయి.

ఇక్కడి వాగుల్లో రాయి తిప్పితే? సంగారెడ్డిది మైదానపు వేడి నీరు కాబట్టి స్టోన్‌ఫ్లై కనిపించలేదని కంగారుపడక్కర్లేదు. ఇక్కడ చూడాల్సింది తూనీగ పిల్లల్ని. అవీ నీళ్లలోనే పెరుగుతాయి, వాటినీ చేపలు తింటాయి. కానీ పటాన్‌చెరు దగ్గర కథ వేరు. 1970ల తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వరుసకట్టాయి. వాటి వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిశాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో మొదలైంది. అయినా, 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన లెక్క చూసి ప్రపంచం నోరెళ్లబెట్టింది. శుద్ధయి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీటిని వందల రెట్లు పలచన చేసి తోక కప్పపిల్లల్ని పెంచితే, వాటి ఎదుగుదల బాగా కుంటుపడిందని 2009లో మరో పరిశోధన తేల్చింది.

కప్పపిల్ల ఎదగని నీటిలో కొర్రమట్టకు తిండేది? 2017లో గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తెల్లగా తేలాయి. పిల్లల్ని వదిలి, నెలల తరబడి కాపుకాసి, వల వేసే వేళకు ఇలా జరిగితే మత్స్యకారుల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుంది? చెరువు మళ్లీ నిండొచ్చు. ఆ ఏడాది తెచ్చిన అప్పు మాత్రం వానకు కొట్టుకుపోదు.

నక్కవాగు మంజీరను చేరేది కల్పగూర్ బ్యారేజీకి దిగువన. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే ఎగువ భాగం అందువల్ల గండం తప్పించుకుంది. సింగూరు నుంచి బ్యారేజీ దాకా ఉన్న ఆ భాగం 1978 నుంచి అభయారణ్యం. అక్కడ గాలం వేయకూడదు. వేసే ధైర్యమూ చేయక్కర్లేదు, నీళ్లలో మొసళ్లున్నాయి. చలికాలం పొద్దున వెళ్తే కొంగలు, బాతులు కనువిందు చేస్తాయి. ఒడ్డున జమ్ము కాడలను కాస్త పరికించి చూడండి. గోధుమరంగులో, వీపు చీలిన చిన్న పొట్టు అతుక్కుని కనిపిస్తే, అందులోంచి ఓ తూనీగ ఎగిరిపోయినట్టే.