బాకీ పద్దు

జనవరి 19, హోసూరు

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. జెరాక్సు షాపు నిండా జనం. పట్టాలు, రేషన్ కార్డులు, అర్జీలు.

మధ్యాహ్నం ఒకామె వచ్చింది. శూలగిరి అవతల రాళ్ళ క్వారీ. ఒడ్డెవాళ్ళు, ఇంట్లో తెలుగే. ఒకరు బయటికొస్తే మిగతావాళ్ళు లోపలే ఉండాలట. “ఆస్పత్రికని చెప్పి వచ్చినానక్కా. మూడు గంటలకంతా పోవాల.” నేను అర్జీ టైపు చేస్తున్నంతసేపూ గోడ గడియారాన్నే చూస్తూ కూర్చుంది.

జనవరి 20

పద్దు పుస్తకం ఫొటో పంపింది. దొంగచాటుగా తీసినట్టుంది, వంకరగా ఉంది. బడి పిల్లల గళ్ళ నోటుబుక్కు. పై వరుసలో అడ్వాన్సు 60,000. మూడేళ్ళ కిందటిది, పెద్దకూతురి పెళ్ళికి తీసుకున్నది. కింద వారం వారం బత్తెం. జ్వరమొచ్చిన రోజులు ఎర్ర సిరాతో. ఉలి అరిగితే అదీ వాళ్ళ ఖాతాలోనే. ఆఖరి మొత్తం 94,500.

మూడేళ్ళు ఇంటిల్లిపాదీ రాయి కొట్టారు. బాకీ పెరిగింది.

జనవరి 28

ఆమె అర్జీ మీద విచారణ. తెలుగులో వాంగ్మూలం రాయడానికి అధికారులు నన్ను పిలిచారు. రాత్రి దాకా సాగింది.

“కట్టేశారా? కొట్టారా?” ఓ కుర్ర ఉద్యోగి అడిగాడు. లేదన్నాడు ఆమె మొగుడు. నిజమే, కొట్టలేదు. ఆ ఉద్యోగి పెన్ను మూయబోతుంటే ఆమె అందుకుంది. “పోతామంటే పోనిచ్చినారా? అది అడగండి సార్.”

షాపులో గొంతే పెగలని మనిషి!

1982లోనే ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు అంది కదా, కనీస కూలి కంటే తక్కువకి చేయిస్తే అదీ వెట్టే, ఆకలి చేసే బలవంతమూ బలవంతమేనని. ఈ కుర్రాడికి ఎవరూ చెప్పలేదా?

జనవరి 30

విడుదల పత్రాలు వచ్చాయి. మనిషికొకటి. పదమూడేళ్ళ పిల్లాడికీ ఒకటి. చట్టం ప్రకారం బాకీ రద్దు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే.

“మరి ఆ అరవై వేలు?” అంటాడు మొగుడు. మళ్ళీ మళ్ళీ అదే. మాటిచ్చి తీసుకున్న సొమ్మట. క్వారీ గేటుకి తాళం కూడా ఉండదట. ఆ మాటే ఇతణ్ణి అక్కడ కట్టిపడేసింది. ఎవరికిచ్చిన మాట, ఆ అప్పిచ్చినవాడు తిరిగి ఏమిచ్చాడు...

ఫిబ్రవరి 9

వెట్టి నిర్మూలన చట్టానికి ఇవాళ్టికి 50 ఏళ్ళు. ఆఫీసుల్లో ప్రతిజ్ఞ చదివే రోజు. ఎవరి గురించి చదువుతున్నారో ఎంతమందికి తెలుసో.

ప్రపంచమంతా కలిపి 2.8 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో లెక్క చెప్పింది. అంత పెద్ద అంకె నా బుర్రకెక్కదు. ఆ గళ్ళ నోటుబుక్కే గుర్తొస్తోంది. మన కృష్ణగిరి గ్రానైట్ ఐరోపా దాకా పోతుంది, వంటింటి గట్లకి, సమాధులకి. కొనేవాళ్ళు రంగు చూస్తారు, నునుపు చూస్తారు.

ఫిబ్రవరి 18

పిల్లాడు వచ్చాడు, బడిలో చేరడానికి ఫారం కావాలట. మూడో తరగతితో ఆపేశాడు. పేరు కూడబలుక్కుని రాశాడు. వడ్డీ మాత్రం నోటిలెక్కే, నాకంటే ముందే చెప్పేశాడు.

మార్చి 2

తేరు హడావుడి. రోడ్డు మీద ఆమె కనిపించింది, కొత్త గాజులేసుకుంది. తక్షణ సాయం 30,000 చేతికొచ్చిందట. బాడుగింటి అడ్వాన్సుకే సగం పోయింది. మిగిలింది బియ్యానికీ బస్సుకీ. పని రోజూ దొరకడం లేదు. “క్వారీలోనైతే వారానికి బత్తెమన్నా పడేది” అంది. వెంటనే నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 17

ఈసారి మొగుడు ఒక్కడే వచ్చాడు. మాలూరు వైపు ఇటుకల బట్టీ, మేస్త్రీ 80,000 అడ్వాన్సు ఇస్తానన్నాడట. “పోవచ్చునా అక్కా?”

వద్దన్నాను. “మరి తిండికి?” అన్నాడు. నేనేం చెప్పను?

పునరావాసం కింద అతనికి లక్ష, ఆమెకి రెండు లక్షలు రావాలి. అది చేతికందేది కోర్టు తీర్పు తర్వాతే. ఛార్జిషీటు ఇంకా పడనేలేదు. మేస్త్రీ లారీ మాత్రం సోమవారం వస్తుందట.