అక్క ఫోను, నా లాప్‌టాపు

ఫోన్లోంచి కంప్యూటరుకి నెట్ ఇవ్వడం ఇప్పుడు ఒక్క నొక్కుడు పని. మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, 2008 ప్రాంతంలో అదో యజ్ఞం. డేటా కేబులు, దానికో సీడీ, ఫోనుని మోడెంగా చూపించి *99# కి డయల్ చేస్తే జీపీఆర్ఎస్ తగులుకునేది. ఒకసారి కుప్పంలో ఫ్రెండు పెళ్ళికెళ్ళి, మండపం వెనక కూచుని ఆఫీసుకి ఒక్క మెయిల్ పంపడానికి ముప్పావుగంట పట్టింది. పైగా కుప్పం అటు తమిళనాడుకీ ఇటు కర్ణాటకకీ అంచున ఉంటుంది కదా.. ఫోను తనకి నచ్చిన రాష్ట్రం టవరు పట్టుకునేది, రోమింగు బిల్లు మనకి! నెట్‌వర్క్ సెలెక్షన్ మాన్యువల్లో పెట్టుకోవాలని ఆ బిల్లు చూశాకే తెలిసింది. (2002లోనే హెచ్‌పీ వాళ్ళు ఐ-కమ్యూనిటీ అని మొదలెట్టిన ఊరది. నాకు మాత్రం ఆ రోజు *99# ఏ దిక్కు :))

2010లో ఆండ్రాయిడ్ 2.2తో హాట్‌స్పాట్ వచ్చాక ఈ బాధ పోయింది. ఫోనే ఓ బుల్లి రౌటరు. లాప్‌టాపుకి లోపలి ఐపీ ఒకటిచ్చి, నాట్ చేసి బయటికి పంపుతుంది. మా వైపు లెక్కలో చెప్పాలంటే పుంగనూరు ఆవు. నడుమెత్తు కూడా ఉండదు, ఇంటిల్లిపాదికీ పాలిస్తుంది. కాకపోతే ఎన్ని పాలిస్తుందో చూసుకుని పితకాలి.

అసలు విషయానికొస్తే, మాది మదనపల్లె. అక్కని పుంగనూరులో ఇచ్చాం. 2020లో లాక్‌డౌన్ పెట్టేసరికి బావ కువైట్‌లో ఇరుక్కుపోయాడు. బస్సులు తిరగడం మొదలయ్యాక నేను అక్కకి తోడుగా వెళ్ళి, అక్కణ్ణుంచే ఆఫీసు పని చేసేవాణ్ణి. ఆ ఇంట్లో నా సిమ్ముకి సిగ్నల్ లేదు. అక్క ఫోనుకి వచ్చేది, అదీ మిద్దె మెట్ల మీదే. ఎనిమిదో తరగతి మేనకోడలు ఆ మెట్ల మీద కూచుని అక్క ఫోన్లో ఆన్‌లైన్ క్లాసు వినేది. అదే ఫోను హాట్‌స్పాట్‌తో కింద గదిలో నేను. రోజుకి 1.5 జీబీ.

ఒకరోజు పొద్దున పదిన్నరకి అక్క ఫోనుకి మెసేజ్.. ఈ రోజు డేటా అంతా అయిపోయిందని. చూస్తే నా లాప్‌టాప్ వెనకాల విండోస్ అప్‌డేట్ దించుకుంటోంది. దాని లెక్కలో అది వైఫై, అంతే. ఆ వైఫై వెనక మా అక్క వేయించుకున్న రీచార్జ్ ఉందని దానికేం తెలుసు? నాకు తెలియాలి. ఇన్నేళ్ళుగా ఇదే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి.

పదకొండింటికి పిల్లకి లెక్కల క్లాసు. 64 కేబీపీఎస్‌లో టీచరు గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయింది. పిల్ల ఒక్క మాట అనలేదు. నోట్సు తీసుకుని ఎదురింటి వరండాలోకెళ్ళి, వాళ్ళబ్బాయి ఫోన్లోకి తొంగిచూస్తూ రాసుకుంది.

టాపప్ వేసుండొచ్చు కదా అంటారేమో. వేశాను. మధ్యాహ్నం మూడింటికి, క్లయింటు కాల్ ఉంది గనక. పదకొండింటికి ఆ సంగతే తట్టలేదు. అక్కకి సంజాయిషీ చెప్పబోతే "నీ పని జరగాల గదా నాయనా" అంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే సెట్టింగ్స్‌లో ఆ వైఫైకి మీటర్డ్ కనెక్షన్ పెట్టాను. యూఎస్‌బీ కేబులుతో టెథరింగ్ చేస్తే విండోస్ దాన్ని ఈథర్నెట్ అనుకుంటుంది, దానికి మళ్ళీ విడిగా పెట్టాలి. కోడ్ దించుకోవడం లాంటి పెద్ద పనులన్నీ, మిగిలిన డేటా చూసుకుని, రాత్రి పన్నెండుకి కాస్త ముందు.

మేనకోడలు ఇప్పుడు కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. మొన్న చూడ్డానికెళ్తే ఆఫీసు నుంచి ఏదో అర్జెంటు. నా ఫోన్లో చార్జింగ్ లేదు. హాట్‌స్పాట్ ఇవ్వమ్మా అన్నాను. ఫోను తీసి, ఆన్ చేయబోయి ఆగింది.

"ఇస్తా గానీ మామా, మీటర్డ్ పెట్టుకున్నావా?"

కొత్త లాప్‌టాపు. పెట్టలేదు.