చేతులు కడుక్కోని డాక్టరు

తెల్లటి గుడారం. దాని ముందు చెక్కబల్ల మీద నీలంకోటు సైనికుడు మూలుగుతున్నాడు. రక్తపు మరకల ఏప్రాన్ కట్టుకున్న డాక్టరు రంపం అందుకున్నాడు. చుట్టూ మూగిన పిల్లలు కళ్లు మూసుకున్నారు. కరకరమని శబ్దం... కాలు తెగి బకెట్లో పడింది!

కంగారేం లేదు. అది మైనపు కాలు. రంపం కోసింది మాంసం కొట్టు నుంచి తెచ్చిన ఎముకని. సోమవారం తెల్లారితే డాక్టరూ, సైనికుడూ ఎవరి ఉద్యోగానికి వాళ్లు వెళ్లిపోతారు.

1861-65 మధ్య జరిగిన అంతర్యుద్ధాన్ని సెలవురోజుల్లో వేషాలు కట్టి మళ్లీ కళ్లముందుంచడం అమెరికాలో వేలమందికి సరదా. ఎక్కువమంది తుపాకీ పడతారు. కొందరు మాత్రం రంపం పడతారు.

'మత్తు లేకుండా, తూటాను పళ్లతో కరిచిపట్టుకుని కోయించుకునేవారట కదా?' అని అడుగుతారు చూడవచ్చినవాళ్లు. అంతా సినిమాల పుణ్యం! నిజానికి చాలావరకు మత్తు ఇచ్చే కోసేవారు. గుడ్డను గరాటులా చుట్టి, క్లోరోఫాం చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టేవారు. పూర్తిగా మత్తెక్కేలోపు రోగి అరిచేవాడు, గింజుకునేవాడు. వెలుతురు కోసం ఆపరేషన్లు ఆరుబయటే చేసేవారు కాబట్టి దారినపోయేవాళ్లు అది చూసి మరోలా అనుకున్నారు. అదే క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో కమిషన్లు పనిచేసింది మన హైదరాబాద్‌లోనే!

కాళ్లూ చేతులూ తీసేయడం కసాయితనమూ కాదు. మెత్తటి సీసంతో చేసిన మినీ తూటా తగలగానే ఎముకను నుగ్గునుగ్గు చేసేది. ఆ అవయవం తీసేస్తేనే ప్రాణం మీద ఆశ.

మరి పొరపాటు ఎక్కడ? బల్ల పక్కనున్న బకెట్లో! ఒకే స్పాంజి, అవే నీళ్లు, ఒకరి తర్వాత ఒకరికి. రంపాన్ని ఏప్రాన్‌కి తుడిచి తర్వాతి రోగి దగ్గరికి వెళ్లడమే. సూక్ష్మక్రిముల సంగతి వాళ్లకు తెలియదు. గాయాల్లో క్రిముల్ని చంపే పద్ధతిని జోసెఫ్ లిస్టర్ లోకానికి చెప్పింది 1867లో... అంటే యుద్ధం ముగిసిన రెండేళ్లకి. ఆ యుద్ధంలో పోయిన ఆరు లక్షల పైచిలుకు సైనికుల్లో దాదాపు మూడింట రెండొంతుల మందిని బలిగొన్నవి విరేచనాలు, టైఫాయిడ్ లాంటి రోగాలే.

అందుకే ఈ వేషంలో కష్టమైన పని రంపం పట్టడం కాదు, చేతులు కడుక్కోకుండా ఉండటం. తన చేతులే ప్రాణం తీస్తున్నాయని తెలియక, ప్రాణం నిలపాలని తపించిపోయే మనిషిగా నిలబడాలి. భయపెట్టడం తేలిక, నవ్వించడం ఇంకా తేలిక. ఆ డాక్టరు మూర్ఖుడనిపించకుండా చూడటమే కష్టం.

ఆట అయ్యాక ఏ చిన్నపిల్లో దగ్గరికొచ్చి 'మీరు చేతులెందుకు కడుక్కోలేదు?' అని అడిగితే... ఆ రోజు పడ్డ శ్రమంతా ఫలించినట్టే!