కొన్నాళ్ళ తల్లి

మన భాషలో బిడ్డను పెంచుటకు మాటలు కొల్లలుగా నున్నవి. పెంచుట, సాకుట, పోషించుట, చేరదీయుట, దత్తు చేసికొనుట. అయినను, "కొంతకాలము మీ యింట నుంచుకొనుడు, కన్నతల్లి కోలుకొనగానే మరల నామెకు అప్పగింపుడు" అను షరతుతో నొక బిడ్డను చేపట్టుటకు మనకు సరియైన మాట లేదు. సర్కారు కాగితములలో ఫోస్టర్ కేర్ అనియే వ్రాయుచున్నారు. కొందఱు పెంపుడు సంరక్షణ మనుచున్నారు గాని, పెంపుడు అనగానే మనవారికి దత్తత తోచును. దత్తత వేఱు, ఇది వేఱు. దత్తతలో బిడ్డకు ఇంటిపేరు మాఱును, ఆస్తిలో హక్కు వచ్చును, వెనుకటి వారితోడి చట్టసంబంధము తెగిపోవును. ఇందులో నేదియు మాఱదు. పెట్టినన్నాళ్ళు పెట్టి, నేర్పినన్నాళ్ళు నేర్పి, పిలుపు వచ్చిననాడు జడ వేసి పంపవలయును. సోదరీమణులారా, ఇంతకంటె కఠినమైన యింటిపని మన స్త్రీలకు మఱొకటి యుండునని నేననుకొనను.

2015 నాటి బాలన్యాయ చట్టములో 44వ సెక్షను దీనికి మూలము. సొంతవారిచెంత నుండజాలని బిడ్డను సంస్థలో నుంచుటకంటె నొక కుటుంబములో నుంచుట మేలని దాని తాత్పర్యము. బిడ్డ నెవరి కీయవలయునో జిల్లాలోని బాలల సంక్షేమ సమితి నిర్ణయించును. జిల్లా బాలల సంరక్షణ విభాగమువారు ముందుగా వచ్చి ఇల్లు చూచి, ఇంటివారితో మాటలాడి, నివేదిక వ్రాయుదురు. తల్లిదండ్రు లున్నచో వారు అప్పుడప్పుడు వచ్చి బిడ్డను చూచుకొనవచ్చును. వారు తిరిగి సమర్థులైరని సమితికి తోచిననాడు బిడ్డ వారి యింటికి పోవచ్చును. 2024లో కేంద్రప్రభుత్వము నియమములను సవరించి, పెండ్లి కానివారును, భర్తను గాని భార్యను గాని పోగొట్టుకొన్నవారును, విడాకులు పొందినవారును గూడ, 35 మొదలు 60 ఏండ్ల లోపువారైనచో, బిడ్డను చేపట్టవచ్చు ననెను. అంతకుముందు దంపతులకే ఆ యవకాశ ముండెను. నేను అఱువది దాటినదానను గాన నా కా ద్వారము మూసికొనినది. కాని ద్వారము ప్రక్కనున్న అరుగుపై కూర్చుండుటకు వయోనియమము లేదు. నేను వ్రాయబోవునది ఆ అరుగు సంగతి.

ఒకరి బిడ్డ నొకరు పెంచుట మన యిండ్లకు క్రొత్త గాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు మా విశాఖపట్టణముపై బాంబులు వేసినప్పుడు జనము మూటముల్లెలతో లోపలి యూళ్ళకు తరలిపోయిరి. అప్పటికి మా అమ్మ ఆఱేండ్ల పిల్ల. విజయనగరమువైపున పెద్దతల్లి యింట ఏడాదిన్నర పెరిగినది. కడవఱకు ఆ పెద్దతల్లిని "అమ్మ" అనియు, కన్నతల్లిని "విశాఖపట్నమమ్మ" అనియు పిలిచెడిది. దీనికి సమితియు లేదు, నివేదికయు లేదు. అయితే అది రక్తసంబంధము. కులము తెలియని, ఊరు తెలియని, రేపు మన ముఖము చూచునో లేదో తెలియని బిడ్డకు కంచములో వడ్డించుట వేఱు సంగతి. అక్కడనే మన ఔదార్యము తడబడుచున్నది.

మేముండునది సీతమ్మధార. కొండ యొకప్రక్క, రైతుబజారు మఱొకప్రక్క. పేట పేరులోనే సీతమ్మ యున్నది; నాగేటిచాలులో దొరికిన ఆ శిశువును ఎత్తుకొనిపోయి కూతురుగా పెంచిన జనకుని కథను మేమెల్లరము చిన్ననాడే విన్నవారము. అయినను మా ప్రక్కయింటి దంపతులు సంరక్షణ విభాగమునకు దరఖాస్తు పెట్టుకొన్నారని తెలిసినప్పుడు వీధి వీధియంతయు ముక్కుపై వ్రేలు వేసికొన్నది. "ఎవరి పిల్లో, రేపు తీసికొనిపోతారు గదా, ఎందుకమ్మా ఈ బెంగ?" అని కొందఱు. "నెలకు నాలుగువేలు వచ్చునటలే" అని మఱికొందఱు. మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయ లిచ్చుట నిజమే. ఈ పట్టణములో ఒక బిడ్డకు పాలు, పుస్తకములు, బడి ఆటో, జ్వరము వచ్చినప్పుడు మందులు, వీని లెక్క వేయగల యిల్లాలెవ్వరును ఆ మాట మరల ననదు.

వచ్చినది తొమ్మిదేండ్ల పిల్ల. ఇటువంటి బాలల పేరు, ఊరు, బడి ప్రచురించుట చట్టము నిషేధించినది. గాన చిట్టి యనియే వ్రాయుదును. తల్లి మేస్త్రీల వెంట కూలిపని చేయునది, దీర్ఘవ్యాధితో ఆసుపత్రి పాలయినది. తండ్రి లేడు. ప్రక్కయింటి అమ్మాయి బ్యాంకులో పని చేయును, ఇల్లు చేరునప్పటికి ఆఱున్నర. ఆయన పోర్టులో నుద్యోగము, వంతులవారీగా పోయివచ్చును. "పిన్నిగారూ, బడి విడిచిన తరువాత మీయింట కూర్చోనిత్తురా?" అని ఆమె యడిగినది. అట్లు నాలుగింటినుండి ఆఱున్నర వఱకు చిట్టి నాది. నన్ను "మామ్మ" అన్నది. ఆమెను "పిన్ని" అన్నది. అమ్మ యనుమని ఆమె యొక్కనాడును అడుగలేదు. ఆ మాటకు హక్కుదారు ఆసుపత్రిలో నున్నది.

మొదటి పదిదినములు పిల్ల నోరు విప్పలేదు. పకోడీలు పెట్టినచో సగము తిని సగము పుస్తకముల సంచిలో దాచుకొనెడిది. నేను చూచియు చూడనట్లుంటిని. ప్రశ్నలు వేసి బిడ్డ మనస్సు తెఱువవలెనని కొందఱందురు. నా కది నచ్చదు. ప్రక్క ప్రక్కన కూర్చుండి ఇద్దఱును మఱొకదానివంక చూచుచున్నప్పుడే మాటలు తమంత తాము వచ్చును. పూర్వము చిక్కుడుకాయలు ఒలుచునప్పుడు వచ్చెడివి. మాకు టెలివిజను ముందు వచ్చినవి.

నాకు పాత ధారావాహికలన్న మక్కువ. 1987 జనవరిలో రామానందసాగరుగారి రామాయణము దూరదర్శనులో మొదలయినప్పుడు మా వీధిలో టెలివిజను మా యొక్కరి యింటనే యుండెను. ఆదివారము ఉదయము ముందుగది నిండి అరుగుమీదికి జనము పొర్లెడివారు. మా అత్తగారు స్నానము చేసి, పెట్టెకు కుంకుమబొట్టు పెట్టి కూర్చుండెడివారు. భాష హిందీ. ఆమెకు ఒక్క ముక్క రాదు. నాకు బడిలో నేర్చినది కొంత వచ్చును. 78 భాగములును నేను చెవిలో తెలుగు చెప్పుచుండగా ఆమె చూచినది. పిమ్మట 1988 అక్టోబరునుండి చోప్రాగారి మహాభారతము; దానికిని అంతే. కాలమే కథకుడై పలికెడి ఆ గొంతు వినబడగానే ఆవిడ చేతులు జోడించెడిది. 2020లో కరోనా నిర్బంధకాలమున రామాయణమును మరల ప్రసారము చేసిరి. అత్తగారు లేరు, చెవిలో చెప్పుట కెవ్వరును లేరు. ఇప్పుడన్ననో యూట్యూబులో నెప్పుడు కావలసిన నప్పుడు చూడవచ్చును. ముప్పదియేండ్లకు పైగా గడచిన పిదప నాకు మరల నొక చెవి దొరకినది.

చిట్టికి రామాయణముకంటె అమృతము ప్రియము. గుణ్ణం గంగరాజుగారు నిర్మించిన ఆ హాస్యధారావాహిక 2001 మొదలు 2007 వఱకు జెమినీలో వచ్చెడిది. అమృతవిలాస్ హోటలులోని తిండి తిన్నవారి ముఖములు చూచి ఆ పిల్ల మొట్టమొదటిసారి నవ్వినది. ఆంజనేయులు వేషము వేసిన గుండు హనుమంతరావుగారు తెఱపై కనబడినంతనే నోటికి చేయి అడ్డము పెట్టుకొనెడిది. నవ్వినచో నెవరైన కోపగింతురేమో యని యనుమానము. వారము తిరుగునప్పటికి చేయి తీసివేసినది. పకోడీలు దాచుటయు అప్పుడే మానినది.

ఒకనాడు మహాభారతములో కుంతి పసికందును పెట్టెలో పెట్టి ఏటిలో విడిచిన ఘట్టము వచ్చినది. నేను ముందుగా తలచుకొని దానిని దాటింపవలసినదని మీలో కొందఱనవచ్చును. దాటించుట నా చేతిలోని పనియే. అంతకంటె సులభోపాయమును కలదు. పిల్లకు హిందీ రాదు గాన నేను చెప్పినదే అర్థము. "బిడ్డ నీటిలో జారిపోయినది" అన్నను నమ్మును. కాని ఆ పెట్టె నీటిపై తేలిపోవుచుండగా ఆమె కన్నులు చూచితిని. ఆ కన్నుల కబద్ధము చెప్ప మనస్సు రాలేదు.

"ఆళ్ళమ్మ ఆడిని ఎందుకొగ్గీసినాది మామ్మా?" అని యడిగినది.

"పెండ్లి కాని పిల్ల. నలుగురికి భయపడినది. చేయి పట్టుకొనుట కెవ్వరును లేకపోయిరి" అంటిని.

చాలసేపు మాటలేదు. తరువాత నా వంక చూడకయే, "మాయమ్మ ఒగ్గీలేదు. ఆస్పత్రికెళ్ళినాది" అన్నది.

"ఔను తల్లీ, ఆస్పత్రికే వెళ్ళినది."

"మరి ఆడిని ఎత్తుకున్నావిడెవురు?"

"రాధ. సూతుని భార్య. ఆమెయే పెంచినది. అందుకే అతనిని రాధేయు డందురు."

"పిన్నిలాగా?"

"పిన్నిలాగుననే."

తల యూపి, ఇక అమృతము పెట్టుమన్నది. కర్ణుడు పెద్దవాడైన పిమ్మట కన్నతల్లి వెదకికొని వచ్చి పిలిచినను, రాధ ఋణమును తలచి రానన్నాడని చెప్పవలెనని నాకు నాలుక చివరివఱకు వచ్చినది. చెప్పలేదు. ఆ కథ ఆ పిల్లకు పనికిరాదు. ఆమె తల్లి ఆమెను విడువలేదు. ఆమె తిరిగి పోవలసినది, పోవలయుననియే మే మందఱము పాటుపడుచున్నది.

ఆఱునెలలకు తల్లి కొంత కోలుకొని చూడ వచ్చినది. వెంట విభాగపు ఉద్యోగిని. ప్రక్కయింట తాళము వేసియుండుటచే మా యింటనే కూర్చుండిరి. ఆ తల్లి కుర్చీమీద కూర్చుండలేదు, గుమ్మమునకు ఆనుకొని నేలపై కూర్చున్నది. టీ యిచ్చిన త్రాగలేదు. బిడ్డ దగ్గరకు పోవుటకు జంకుచున్నది, బిడ్డ తల్లి దగ్గరకు పోవుటకు జంకుచున్నది. ఏమి చేయవలయునో నాకు తోచలేదు. టెలివిజను నడచుచునే యున్నది. అంతలో ఆంజనేయులు ఏదో అన్నాడు. తల్లి ఫక్కున నవ్వినది! చిన్ననాడు తమ యూరిలో పెద్దింటి కిటికీ వెలుపల నిలువబడి ఆదివారము ఆదివారము ఇదే చూచెడిదట. చిట్టి లేచి పోయి ఆమె ప్రక్కను కూర్చున్నది. ఆ భాగములో జరుగబోవునది తల్లి ముందుగనే చెప్పుట, బిడ్డ "నాకు తెలుసులే" అనుట. ఇద్దఱ నవ్వును ఒక్కతీరుననే యుండెను.

ప్రక్కయింటి అమ్మాయి అప్పుడే బ్యాంకునుండి వచ్చి గుమ్మములో నిలిచినది. ఆ నవ్వు రెండుక్షణములు విని, "పిన్నిగారూ, పాలు పొంగునేమో చూచి వత్తును" అని నా వంటయింటిలోనికి పోయినది. పొయ్యిమీద పాలు లేవు. నేను వెంట పోలేదు.

మఱి నాలుగునెలలకు సమితివారు బిడ్డను గూడ అడిగి, తల్లియొద్దకు పంపుట కుత్తరువు చేసిరి. తల్లికి తేలికపని యొకటి, ఉండుటకు ఒక గది కుదిరినవి. పుస్తకములు, మూడు గౌనులు, మందుల చీటీ, బడివారి కాగితములు అన్నియు వేర్వేఱు సంచులలో అమ్మాయి సర్దినది. అన్నియు సర్దిన తరువాత, ఏ కూర తినును, ఏది తినదు, రాత్రి దీపము ఆర్పవచ్చునా కూడదా అని ఒక కాగితముపై వ్రాసి తల్లి చేతికిచ్చినది. తల్లికి చదువు రాదని జ్ఞాపకము వచ్చి, తిరిగి తీసికొని నోటితో చెప్పినది.

మన పురాణములు చూపెడి ధారావాహికలలో కృష్ణుడు మధురకు పోవునప్పుడు యశోద యేడ్చుట మిక్కిలి చూపుదురు. ఆమె మఱునాటి యుదయమును చూపరు. కవ్వము చేత పట్టవలసినదే గదా, ఆవులు పాలిచ్చుట మానవు గదా. చాలయేండ్లకు సూర్యగ్రహణము నాడు శమంతపంచకమున నందయశోదలు కృష్ణుని మరల చూచి కౌగిలించుకొనిరని భాగవతములో నున్నది. ఆ చోటు మన స్త్రీలకు తెలిసినంత తెలియలేదని నా కనిపించును. అమ్మాయికి ఆ రాత్రి నేను చెప్పితిని. "ఎన్నియేండ్లకు, పిన్నిగారూ?" అని యడిగినది. చిట్టి యున్నది పదునైదు మైళ్ళలోపే యని జ్ఞాపకము చేసితిని. ఆదివారములలో తల్లి ఫోను పట్టుకొనగా పిల్ల మాటలాడును. నాకు వరుస తప్పక యొక ప్రశ్న వేయును: మహాభారతము ఎందాక వచ్చినది? ఒంటరిగా చూచుట లేదని, నీవు వచ్చువఱకు అక్కడనే ఆపితినని చెప్పుచున్నాను.

గడచిన నెలలో విభాగమునుండి మరల కబురు వచ్చినది. అన్నదమ్ములట, పదునొకండేండ్ల వాడొకడు, ఏడేండ్ల వాడొకడు. ఇద్దఱిని విడదీయరాదని సమితివారి యభిప్రాయము. అమ్మాయి రెండుదినములు ఆలోచించి, ఆయనతో మాటలాడి, సాయంకాలము నా యొద్దకు వచ్చినది.

"నాలుగింటినుండి మీరుందురా, పిన్నిగారూ?"

"ఉందును గాని, వారికి హిందీ వచ్చునో రాదో కనుగొను" అంటిని.