పెన్న, చిత్రావతి, మధ్యలో 18 మీటర్లు

నంది కొండల్లో పుట్టిన పెన్న గౌరిబిదనూరు దాటి హిందూపురం దగ్గర ఆంధ్రలోకి వస్తుంది. పరిగి మండలంలో జయమంగళి దానిలో కలుస్తుంది. రెండు నదులు కలిసినా ఏడాదిలో ఎక్కువ రోజులు కంటికి కనిపించేది ఇసుకే. ఆ ఇసుక అడుగున ఉండే ఊటే ఒడ్డు పొలాల బావులకూ బోర్లకూ ఆధారం. ఈ సీమలో రైతు కలిమిని ఎకరాలతో కొలవరు. బోరులో ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయన్నదే లెక్క.

అలాంటి నేలకు చమురు, గ్యాసు పైపులైన్లు కొత్త షరతులు తెస్తున్నాయి. హిందూస్థాన్ పెట్రోలియం వారి హాసన్–చర్లపల్లి వంటగ్యాసు లైను సుమారు 650 కిలోమీటర్లు. కర్ణాటకలో మొదలై ఉమ్మడి అనంతపురం జిల్లా మీదుగా తెలంగాణ చేరుతుంది. ఇలాంటి లైన్లన్నిటికీ 1962 నాటి చట్టమే మూలం. దాని ప్రకారం భూమిని కొనరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. పట్టా రైతు పేరునే ఉంటుంది, శనక్కాయ వేసుకోవచ్చు. కానీ పైపు పోయే నేల పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, కుంట తీయకూడదు, చెట్టు నాటకూడదు. కాలువ నీళ్లున్న డెల్టాలో ఇది ఇబ్బంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ప్రాణగండం. బావి తవ్వలేని, మామిడో చింతో పెట్టలేని చేనును మబ్బుల దయకు వదిలేసినట్టే.

రొద్దం దాటి పెన్న తన దారిన పేరూరు వైపు పోతుంది. తూర్పుకు తిరిగితే పెనుకొండ. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక చుట్టుపక్కల పొలాల ధరలు ఎగబాకాయి. చట్టం ఇచ్చే పరిహారం మాత్రం నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం వేరుగా. పట్టీ వెడల్పు సాధారణంగా 18 మీటర్లు. చేను మీదుగా 100 మీటర్లు పోతే 44 సెంట్లు దాని కింద పడ్డట్టే. రెండెకరాల రైతుకు అది అయిదో వంతుకు పైమాట. రేపు అమ్మబోతే కొనేవాడు పట్టీ ఉన్న చేనుకు పూర్తి ధర పెట్టడు. ఆ నష్టాన్ని 10 శాతం పూడ్చదు.

పైపు అసలే వద్దనడం నా మాట కాదు. ఆ పైపు లేకపోతే అదే గ్యాసు ట్యాంకర్లెక్కి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఊళ్ల మధ్య నుంచే పోవాలి, అందులో ప్రమాదం ఎక్కువ, డీజిలు దండుగ. మేలు దేశానిదైనప్పుడు బరువు ఒక్క చేను మీదే ఎందుకు పడాలి?

పెనుకొండ నుంచి ఉత్తరంగా చెన్నేకొత్తపల్లి, ధర్మవరం, చిత్రావతి. 2021 నవంబర్‌లో ఈ ఎండు నదే పొంగి వెల్దుర్తి దగ్గర చిక్కుకున్న వాళ్లను వాయుసేన హెలికాప్టర్‌తో కాపాడాల్సి వచ్చింది. అలాంటి వరద నది అడుగును కోసేస్తుంది. ఇసుక తోడేసిన చోట కోత మరీ లోతు. కోతకు పైపు బయటపడవచ్చు కాబట్టి, ఏ నది కింద వేసినా ముందు తేల్చాల్సింది ఈ లోతే. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే పైకిపోదు, వంకల్లో, పల్లాల్లో నిలుస్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గెయిల్ సహజవాయువు పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. లీకుల గురించి ఊరివాళ్లు అంతకుముందే మొత్తుకున్నారు.

కాబట్టి పొలం ఉన్నవాళ్లకు నా మనవి. గెజిట్ వచ్చిన నాటి నుంచి అభ్యంతరానికి ఉన్న గడువు 21 రోజులే, దాన్ని పోనివ్వకండి. మీ బోరు ఎక్కడుందో, చెట్లు ఎన్నో కాగితం మీద రాసివ్వండి. పైపు పటం, లీకైతే పిలవాల్సిన ఫోను నంబరు గ్రామసభలో అడిగి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. పైపు దాటే చోట నదిలో ఇసుక ఎత్తనివ్వకండి.