కపడా

జుమ్మా రోజు ఫజర్ అయినంక నాకు గంటన్నర ఖాళీ దొరుకుతుంది. పేపరు వాళ్ల వాట్సాప్ గ్రూపు అప్పటికింకా నిద్ర లేవదు. ఎండ మా గోడ దిగకముందే కారు కడగాలి. లుంగీ పైకి కట్టి, రెండు బకెట్లు, ఒక మగ్గు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు తీసుకుని గేటు ముందు నిలబడతాను. అబ్బా వరండాలో కుర్సీ వేసుకుని చాయ్ తాగుతూ, సరిగ్గా అదే టైముకు మొహం అటు తిప్పుకుంటాడు.

నాది తెల్ల రంగు చిన్న కారు. 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇల్లు జనగామలో, వార్తలు మూడు జిల్లాల్లో. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు కలెక్టరేట్లయ్యాయి. అప్పటి నుంచి నా తిరుగుడు పెరిగింది, తన్‌ఖా అక్కడే ఉంది.

ఈ మూడింటి గర్ద్ మూడు రకాలు. జనగామలో దుమ్ముకన్నా నీళ్లతోనే ముసీబత్. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కారు కొన్న కొత్తలో నాకు అకల్ లేక మిట్టమధ్యాహ్నం కడిగాను. వేడి బానెట్ మీద నీళ్లు ఆరిపోయి తెల్లటి గుండ్రని మరకలు పడ్డాయి. షాంపూ పెట్టి రుద్దినా కదల్లేదు. అమ్మీ వంటింట్లోంచి తొంగిచూసి, "ఇమ్లీ లగా కే దేఖ్" అంది. నేను నవ్వాను. పెంబర్తి మాకు కూతవేటు దూరం. అక్కడి ఇత్తడి పనికి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. అమ్మీ జహేజ్‌లో తెచ్చుకున్న ఇత్తడి లోటాను యాభై ఏళ్లుగా చింతపండుతోనే తోముతోంది. కారేమన్నా లోటానా?

తర్వాత కనుక్కుంటే అమ్మీ మాటే సహీ. సున్నపు మరకకు ఇలాజ్ పులుపే. కాకపోతే చింతపండులో పీచు, ఇసుక ఉంటాయి, పెయింటును గీకుతాయి. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ ముంచి, మరక మీద నిమిషం సేపు పరిచి, తుడిచి, వెంటనే మంచినీళ్లు పోశాను. చాలా వరకు పోయాయి. "నువ్వు చెప్పిందే కరెక్టు" అని అమ్మీతో అనలేదు. అనకపోయినా వెనిగర్ వాసన ఆమె ముక్కుకు చేరింది. ఇప్పుడు ఆ బాధే లేదు. నీడలో కడుగుతాను, కడిగిన వెంటనే ఆరబెట్టకుండా పొడిగుడ్డతో నీళ్లు తీసేస్తాను.

మానుకోట వైపు పోతే కారు లోపలికి కష్టం. మిర్చి సీజన్లో కేసముద్రం మార్కెట్ వార్తకు పోయి, ఇంటికి ఐదు కిలోల ఎండుమిర్చి పట్టుకొచ్చాను. గుంతలో కారు ఎగిరింది, వెనక సీట్లో సంచి చినిగింది. మర్నాడు బేగమ్‌ను, పిల్లలను ఎక్కించుకుని ఏసీ వేశాను. గల్లీ చివరికి పోకముందే అందరికీ తుమ్ములు, కళ్లలో నీళ్లు. దించేసి, తడిగుడ్డతో సీట్లు తుడిచాను. అదే పెద్ద గలతీ. మిరప మంట నీళ్లకు కరగదు. తడిగుడ్డతో దాన్ని సీటంతా పూశాను, సాయంత్రం దాకా చేతులు మండాయి. ముందు పొడిగా వ్యాక్యూమ్ పెట్టాలి, సీట్ల సందుల్లో బ్రష్ ఆడించాలి, ఆ తర్వాతే సబ్బు నీళ్ల గుడ్డ, అదీ గట్టిగా పిండి. ఏసీ ఫిల్టర్ కొత్తది వేయించిన తర్వాతే బేగమ్ మళ్లీ కారెక్కింది.

ఆ జిల్లాలోనే బయ్యారం వైపు ఇనుపరాతి నేల. ఆ ఎర్రమట్టి చక్రాల పైన గూటిలో ముద్దలు ముద్దలుగా పట్టి ఆరదు. పైకి కారు తళతళ మెరుస్తున్నా, ఆ తడికి లోపల జంగ్ మొదలవుతుంది. పైపు పెట్టి కింది నుంచి కొట్టాలి. డోర్ల అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, వాటిని అగ్గిపుల్లతో తెరవాలి. ఈ పని చాలామంది చేయరు.

భూపాలపల్లి సంగతి వేరు. పరకాల దాటితే బొగ్గు లారీలు. చెల్పూరు దగ్గర థర్మల్ ప్లాంటు, 500 ఒకటి, 600 ఒకటి, మొత్తం 1100 మెగావాట్లు. ఒక పూట అక్కడ ఆపితే అద్దం మీద పేరు రాసుకోవచ్చు. ఆ నల్ల పొడిని పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఎండలో పక్కనుంచి చూస్తే సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తాయి. ముందు చేయి పెట్టకుండా నీళ్లు మాత్రం పోయాలి, పోయేంత గర్ద్ దానంతటదే పోతుంది. తర్వాత ఒక బకెట్‌లో షాంపూ, ఇంకో దాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డను ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి కిందికి రావాలి. చక్రాలు చివర్లో, వాటి గుడ్డ వేరే. గిన్నెల సబ్బు వద్దు, వేసిన మైనాన్ని ఊడ్చేస్తుంది. రెండు మూడు నెలలకొకసారి పలుచగా వ్యాక్స్ రుద్దితే నీళ్లు తామరాకు మీద నిలిచినట్టు నిలిచి జారిపోతాయి, మరుసటి వారం మెహనత్ సగానికి తగ్గుతుంది. డ్యాష్‌బోర్డుకు మెరిసే పాలిష్ కొట్టను, ఎండలో అది ముందు అద్దంలో కనబడి రోడ్డు కనిపించనియ్యదు.

ఇదంతా నేను ఎందుకు చేసుకుంటున్నానంటే పైసల పొదుపు కాదు.

మునుపు ఒక వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేవాణ్ని. ఎక్కడో, ఎవరిదో వద్దు. ఒక జనవరి పొద్దున పోతే నా కారు మీద నురగ కొడుతున్నది మా రెండోవాడి ఈడు పిల్లాడు. మావాడు ఏడో తరగతి. కాళ్లకు చెప్పుల్లేవు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది, వేళ్ల సందులు నానిపోయి తెల్లగా ఉన్నాయి. "ఏ బడి బేటా?" అన్నాను. వాడు ఓనరు వైపు చూశాడు. "అరే ఛోటూ, జల్దీ" అని అటునుంచి కేక. నేను పైసలిచ్చి వచ్చేశాను. ప్రతి ఏడాది జూన్ 12 వస్తే బాలకార్మికుల మీద వార్త రాస్తాను. 1098 నంబర్ ఆ వార్త చివర్లో నేనే వేస్తాను. ఆ ఓనరు నాకు దోస్తు, ఆగస్టు 15కి పేపరుకు యాడ్ ఇస్తాడు. నేను అక్కడికి పోవడం మానేశాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

అబ్బా ఎందుకు మొహం తిప్పుకుంటాడో నాకు తెలుసు. 1990లలో ఆయన భూపాలపల్లి బొగ్గు లారీ నడిపేవాడు. ఉర్దూ మీడియంలో ఎనిమిదో జమాత్ సెలవుల్లో నన్ను క్లీనర్‌గా తీసుకుపోయాడు. అద్దాలు తుడవడం, చక్రం వెనక రాయి పెట్టడం, రివర్సులో తట్టడం. సెలవులైపోయి బడికి పోతే నా గోళ్ల నలుపు చూసి ఉస్తాద్ సాబ్ నన్ను వేరే బెంచీ మీద కూర్చోబెట్టాడు. రాత్రి అమ్మీ చెప్తే అబ్బా ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం నేను లారీ దగ్గరికి పోతే చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు. "కల్ సే తూ నక్కో ఆ." ఉర్దూలో చదివి తెలుగులో డిగ్రీ ఏందిరా అని మొహల్లా అంతా నవ్వినా ఫీజు ఆయనే కట్టాడు. ఆ చేతిలో మళ్లీ గుడ్డ కనిపిస్తే ఆయనకు ఎట్లుంటుంది?

పోయిన జుమ్మాకు కుర్సీ ఇటు తిప్పాడు. "కైకు రే, పైసే నై క్యా? సర్వీసింగ్‌కు ఇయ్యరాదు?"

చెప్పాను, పిల్లాడి సంగతి మొత్తం. చాయ్ చల్లారేదాకా విన్నాడు.

"తూ లిఖ్యా క్యా?"

"నై."

లేచి వచ్చాడు. డోరు మీద వేలితో గీసి, వేలు చూసుకుని, "భూపాల్‌పల్లి" అన్నాడు. నిజమే, నిన్న పోయొచ్చింది అక్కడికే. నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. నేను గుండ్రంగా తిప్పుతున్నది చూసి, "సీధా మార్, గోల్ నక్కో" అన్నాడు. ముందు నుంచి వెనక్కి ఒకే గీత, గాలి పోయే దారిలో. గీతలు పడినా గుండ్రాలంత కొట్టొచ్చినట్టు కనబడవట. ముప్పై ఏళ్ల తర్వాత ఇద్దరం కలిసి ఒక బండి తుడిచాం. అద్దాలు ఆయనే తుడిచాడు, నన్ను ముట్టనియ్యలేదు.

గుడ్డలు పిండి తీగ మీద ఆరేసి, కుర్సీలో కూర్చున్నాక, "ఫోన్ లగా" అన్నాడు.

"యాడ్ పోతుంది అబ్బా."

"జానే దే."

చేతులు లుంగీకి తుడుచుకుని 1098 కొట్టాను. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. పిల్లాడి పేరు అడిగింది. "ఛోటూ" అని చెప్పి ఆగిపోయాను. అడ్రస్ మాత్రం పూర్తిగా చెప్పాను.